సోలెడు తవుడు, ఒక పేరు

గాజువాక,
సెప్టెంబరు 24, బుధవారం.

అమ్మా రోజా, చల్లని తల్లీ,

మీ అత్త జోగమ్మ రాస్తున్నాను. మీ నాన్నగారి మోకాలి నొప్పి ఎలా ఉంది? పోలిరాజు అన్నయ్యగారు మాట వినే మనిషి కాదు, ఈ వానల్లో సముద్రం ఒడ్డుకి నడకకి వెళ్ళొద్దని నేను అన్నానని చెప్పు. మీ అమ్మకి సుగరు అదుపులో ఉందా? నీకు పథ్యం వండిపెడుతూ వదినగారు తన మాత్ర మరిచిపోతారు, పొద్దున్నే నువ్వే అడగాలి. నీ కుట్లు మానాయా? చీము లేదు కదా? పాలు పడుతున్నాయా? భీమిలిలో సొరచేపకి కరువు లేదు, సిగ్గుపడకుండా అడిగి వండించుకో. పిల్ల సంగతి ఆఖర్న అడుగుతున్నానని ఏమీ అనుకోకు. ముందే అడిగితే నా దిష్టే తగులుతుందేమోనని భయం. ఎలా ఉంది? ఒళ్ళు వెచ్చగా ఉందా? మీ ఇంటి కిటికీ సముద్రం వైపు ఉంది, గాలి చల్లన. చీకటి పడేసరికి మూసెయ్యండి. మూసేటప్పుడు రెక్క పిల్ల మీద పడకుండా చూసుకోండి.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోను ఎత్తేది మీ అమ్మ, ఎత్తగానే స్పీకరు పెడుతుంది. నేను నీతో ఒక మాట అంటే ఇంటిల్లిపాదీ వింటారు. అప్పుడు నాకు ఏడుపొస్తుంది. నా ఏడుపు వింటే నీకు బెంగపుట్టి పాలు ఎండిపోతాయని మీ ఆయన నన్ను ఫోను ముట్టుకోవద్దన్నాడు. అందుకని ఈ రూళ్ళ కాయితం. నాది మూడో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నువ్వు పురిటికి వెళ్ళాక ఈ ఇంట్లో చప్పుడు చేసేది నేనూ కుక్కరూ. మీ ఆయన డ్యూటీకి వెళ్తాడు, వస్తాడు, కంచం ముందు కూర్చుంటాడు. ఇంకొంచెం వేసుకోరా అంటే చెయ్యి అడ్డం పెడతాడు. ఆస్పత్రిలో గొడవ జరిగిన దగ్గర్నుంచి వాడు నన్ను అమ్మా అని పిలవలేదు. ఆ గొడవ నీకు మీవాళ్ళు ఎలా చెప్పారో నాకు తెలీదు. నేను చెబుతాను విను. నువ్వు లోపల పడుకుని ఉన్నావు. అద్దం లోంచి నాకు పిల్లని చూపించారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి కాసిన కాయ, నెలలు నిండకుండా వచ్చేసి, పెట్టెలో గుప్పెడంత ఉంది. ముక్కులో సన్న గొట్టం. పక్కటెముకలు లేచి పడుతున్నాయి. నా నోట్లోంచి ఆ మాట దానంతట అదే వచ్చేసింది.

"ఒరే, దీన్ని తవుడికి అమ్మీద్దాం రా. తవిటమ్మ అని పిలుద్దాం. సావు దీని జోలికి రాదు."

"నలబై ఏళ్ళ నుంచి నాను మోస్తన్నాను గాదా అమ్మా ఆ తవుడు బస్తా! సాలదా? బళ్ళో ఏడిపించినారు, ప్లాంటులో ఇప్పటికీ నవ్వుతారు. నా కూతురి నెత్తిన కూడా పెడతావేటి?" అని నర్సుల ముందు, మీ అమ్మానాన్నల ముందు అరిచాడు.

నీకు ఈ ఆచారం తెలుసో లేదో. మావైపు బిడ్డలు నిలవని ఇంట్లో, పుట్టిన పిల్లని చేటలో పడుకోబెట్టి, సోలెడు తవుడికి ఇంకో ఆడమనిషికి అమ్మేస్తారు. ఆమె ఒళ్ళోకి తీసుకుని పేరు పెడుతుంది. కొన్నవాళ్ళదే పేరు, కన్నవాళ్ళు మార్చకూడదు. ఆ తర్వాత పెంచమని మనకే ఇచ్చేస్తుంది. తవుడు పాటి చెయ్యని పిల్ల అనుకుని మృత్యువు దాటిపోతుందని నమ్మకం. మీ ఆయన్ని కొన్నది మా ఊరి నూకాలు. తవిటయ్య అని పెట్టింది. బతికాడు. తనని ఎందుకు అమ్మాల్సి వచ్చిందో వాడు ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మీరిద్దరూ అనుకున్న పేరు నాకు తెలిసింది. ఆ పేరు నేనిక్కడ రాయను. కాశీలో గరిటె పట్టుకుని శివుడికే అన్నం పెట్టిన అమ్మవారి పేరు. స్టీలుప్లాంటులో మీ ఆయన పనిచేసే మూడో ఫర్నేసుకి కంపెనీవాళ్ళు పెట్టిన పేరు. చెడ్డదని కాదమ్మా. జంక్షన్లో మెస్సు బోర్డు మీద అదే, బియ్యం బస్తా మీద అదే, సందు చివర కొత్తగా లేచిన అపార్టుమెంటు మీద అదే. నేను ఆ మెస్సు ముందు నుంచి నడవను, ఎదర పేవుమెంటు మీంచి వెళ్తాను. తవిటమ్మ వద్దంటే మానెయ్యండి. యశస్విని అని పెట్టుకోండి, టీవీలో వచ్చే ఏ పేరైనా పెట్టుకోండి, నోరు తిరక్కపోయినా నేర్చుకుంటాను. అది మాత్రం వద్దు. ఎందుకని అడక్కు.

పిల్ల ఉయ్యాల తాడు ముడి మీ నాన్నగారి చేత మరోసారి లాగి చూడమను.

నీ బాగు కోరే అత్త,
జోగమ్మ

•

గాజువాక,
అక్టోబరు 11, శనివారం.

రోజమ్మా,

నీ ఉత్తరం అందింది. పోస్టుమేను నా చేతికిస్తూ "ఏటి మామ్మా, కోర్టు కాయితమా?" అన్నాడు. "నా కోడలు రాసినాది" అన్నాను. వాడు నమ్మలేదు. ఈ రోజుల్లో కోడలు అత్తకి ఉత్తరం రాస్తే ఎవరు నమ్ముతారు?

పిల్లకి చప్పరించడం చేతకానప్పుడు నీ పాలు పిండి గొట్టంలో చుక్కచుక్కా పోసేవారని రాశావు. ఆ చుక్కలు చూస్తూ, దీనికి జన్మలో తిండికి లోటు ఉండకూడదు అనుకున్నావని, అప్పుడు ఆ పేరు తట్టిందని రాశావు. ఫోనులో అర్థం కూడా చూశావు. అన్నంతో నిండినది అని ఉందన్నావు. "కారణం చెప్పండి అత్తా, చెబితే మానేస్తాను, ఆయనకు చెప్పను" అన్నావు. కూర్చుని, లేచి, గుమ్మంలోకి వెళ్ళి, మళ్ళీ వచ్చి చదివాను. నన్ను కారణం అడిగిన మనిషి ఇన్నాళ్ళకి నువ్వే.

ఆ పేరు నా మొదటి కూతురిది.

మీ మామగారు అప్పట్లో పోర్టులో ఓడలు దింపే పనికి వెళ్ళేవారు. ఊళ్ళో వానల్లేవు, మడి బీటలు వారింది. గోధుమల ఓడ ఖాళీ అయ్యాక అడుగున ఊడ్చిన గింజలు కూలీలు పంచుకునేవారట. తువ్వాల్లో ఆ గింజలు మూటకట్టుకుని ఆయన గుమ్మంలోకి వచ్చిన పూటే పిల్ల పుట్టింది. మూట కింద పెట్టకుండానే ఆ పేరు అన్నారు. ఊరు ఊరంతా నవ్వింది. "గంజికి గతి లేదు గానీ కాశీ అమ్మోరు పుట్టినాదట" అన్నారు. ఆయన పట్టించుకోలేదు. పని నుంచి వస్తూ వీధి మొదట్నుంచే ఆ పేరు పెట్టి కేకేసుకుంటూ వచ్చేవారు. పిల్ల గొంతు గుర్తుపట్టి కాళ్ళు ఆడించేది. బొద్దుగా ఉండేది రోజా. నీ పిల్లలా కాదు. ఎవరికైనా ఎత్తుకోవాలనిపించేది. అదే నా భయం, ఎవరి కళ్ళు పడ్డాయోనని. అన్నప్రాసనకి రోజు చూశాం. కొత్తబియ్యం కడిగి చేటలో ఆరబోశాను. అంతలోనే పిల్లకి విరోచనాలు పట్టుకున్నాయి. బండి కట్టి పట్నం తీసుకొచ్చేలోగా నా చేతుల్లోనే కళ్ళు తేలేసింది. తిరిగి వచ్చేసరికి చేటలో బియ్యం ఇంకా తడిగానే ఉన్నాయి. అన్నం పేరు పెట్టుకుని ఒక్క మెతుకు ముట్టకుండా వెళ్ళిపోయింది.

పసిపిల్లల్ని కాల్చరు కదా. మా మడి గట్టున తాడిచెట్ల వరస కింద పెట్టారు. తర్వాత స్టీలుప్లాంటు వచ్చింది, ఊరు తీసుకున్నారు, మమ్మల్ని ఈ కాలనీకి పంపారు, చుట్టూ గోడ కట్టారు. తాడిచెట్లు ఎక్కడున్నాయో, ఇప్పుడక్కడ రోడ్డుందో, రైలుపట్టాలున్నాయో నాకు తెలీదు. గోడ లోపలే ఎక్కడో ఉంది. మీ మామగారు బతికున్నన్నాళ్ళూ ఆ పేరు మళ్ళీ అనలేదు. నేనూ అనలేదు. ఒకరి ముందు ఒకరం అనలేకపోయాం. ఆయన పోయాక అనడానికి మనిషే లేడు.

ఒకరోజు మీ ఆయన సంబరంగా వచ్చి "నన్ను కొత్త ఫర్నేసుకి ఏసినారమ్మా, దాని పేరేటో తెలుసా?" అని చెప్పాడు. నేను గిన్నెలు తోముతున్నాను. కొళాయి కట్టలేదు, నా చప్పుడు వాడికి వినబడకూడదని. పేరు పెట్టినవాళ్ళకి నా సంగతి తెలీదు కదా, వాళ్ళనేం అంటాను? ఆమధ్య దాన్ని కొన్ని నెలలు ఆపేశారు, గుర్తుందా? గుమ్మంలో చెప్పులు విప్పుతూ పేరుతో సహా అన్నాడు, "సల్లారిపోనాదమ్మా" అని. పొయ్యి ఆపేసి నేల మీద కూర్చుండిపోయాను. కొడుకు ఉద్యోగం ఏమవుతుందోనని ముసలిది కంగారు పడిందనుకుని నువ్వు మజ్జిగ కలిపి ఇచ్చావు. మళ్ళీ వెలిగించారని వాడు మిఠాయి తెచ్చిన రోజున పన్ను నొప్పి అన్నాను. నాకు పన్ను నొప్పి లేదు రోజా.

ఇప్పుడు అర్థమైందా? అర్థం మంచిదే. గ్రంథాల్లో ఉన్న అర్థం అది. నాకు ఆ పేరంటే తడి బియ్యం గుర్తొస్తాయి.

ఇంకో మాట. మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఈ వారంలో నేను పిల్లని అమ్మేస్తున్నాను. పిల్ల మీ దగ్గరే ఉంటుంది, దాని గుడ్డ నా దగ్గరుంది, గుడ్డని అమ్ముతాను. ఎవరో ఒకరు కొని పెంటమ్మ అనో తవిటమ్మ అనో పెడతారు. ఆచారం దక్కుతుంది, నా పిల్ల పేరు దీనికి తగలకుండా పోతుంది. మీ ఆయనకి చెప్పకు. చెబితే ఈసారి అన్నం కూడా బయట తిని వస్తాడు.

పిల్లని పెరట్లోకి తిప్పేటప్పుడు తలకి గుడ్డ కట్టు.

అత్త,
జోగమ్మ

•

గాజువాక,
అక్టోబరు 30, గురువారం.

నా తల్లి రోజాకి,

ఇన్నాళ్ళు రాయలేదని కంగారు పడకు. మొన్నటి తుఫాను గాలికి మన రేకు ఒకటి లేచింది, మీ ఆయన బిగించాడు. మీ ఇంటి మీదకి కొబ్బరిచెట్టు వంగలేదు కదా? నేను రాయకపోవడానికి కారణం వేరే ఉంది. వరసగా చెబుతాను.

ముందు తవుడు. గాజువాక మొత్తం మీద సోలెడు తవుడు దొరకలేదంటే నమ్ముతావా? కిరాణా కొట్లో అడిగితే తవుడు నూనె డబ్బా ఇచ్చాడు. పెద్ద కొట్లో సుగరువాళ్ళు తినే పొట్టు అని రంగుల పేకెట్టు తెచ్చారు, దాని మీద బొద్దుపిల్ల నవ్వుతూ ఉంది. అది చూసి మృత్యువు పారిపోతుందా, లోపలికి వస్తుందా? చివరికి పశువుల దాణా కొట్లో దొరికింది. "ఎన్ని గేదెలు మామ్మా?" అన్నాడు. ఒక్కటే, చిన్నది, అన్నాను.

కొనేవాళ్ళు ఇంకా కష్టమయ్యారు. ఎదురింటావిడ "ఆధారు కార్డుతో ఏటైనా గొడవొస్తాదేమో మామ్మా" అని తలుపేసుకుంది. ఇంకొకావిడ వీడియో తీసుకోవచ్చా అంది. ఆఖరికి పక్కింటి మహబూబున్నీసా దగ్గరికి వెళ్ళాను. మన చీరలకి ఫాల్సు కుడుతుంది కదా, అందరూ బీబమ్మ అంటారు, ఆవిడే. పాతటౌనులో పుట్టిన మనిషి, ఆవిడ మాటా కత్తెరే. ఆస్పత్రి నుంచి ఉతకడానికి తెచ్చాను చూడు, పిల్లకి చుట్టిన నీ చీరముక్క, దాన్ని చేటలో పెట్టి, పక్కన తవుడు మూట పెట్టుకుని వెళ్ళాను.

"ఈ పిల్లని నీకు అమ్ముతన్నాను. తవుడిచ్చి కొనుక్కో" అన్నాను.

"తవుడూ నువ్వే తెచ్చావు, పిల్లా నీదే. ఇంకా నాదేటుంది ఇందులో?"

"పేరు నీది. కొన్నదానివి నువ్వే పెట్టాల. ఏదైనా సెడ్డ పేరు పెట్టు."

"తోబా తోబా! కొనుక్కున్న బిడ్డకి సెడ్డపేరు పెడతానా? మతి పోయిందేటి జోగమ్మక్కా?" అంటూనే చీరముక్క తీసి భుజం మీద వేసుకుంది. పిల్ల నిజంగా ఉన్నట్టే వీపు తట్టింది. "అమ్ముకునేటంత కష్టమేమొచ్చిందో అది సెప్పు ముందు."

నీకు రాసి ఉన్నాను కాబట్టి నోటితో చెప్పగలిగాను. కత్తెర పక్కన పెట్టి వింది. మధ్యలో నీళ్ళిచ్చింది. ఆ పిల్ల పేరేమిటని అడిగింది. చెప్పనన్నాను.

"కొన్నదాన్ని నాను. సెప్పకపోతే నీ సరుకు నువ్వు తీసుకెల్లిపో."

చెప్పాను. నా గొంతు నాకే వినపడలేదు.

"అన్నపూర్ణ" అంది ఆవిడ, గట్టిగా. "నీ కొడుకు రోజూ ఆ పేరున్న మంట దగ్గరికి పోతన్నాడు గదా. ఇనుమే నీళ్ళయిపోయే మంట. ఒక్కరోజైనా వాడిని తిందా? అన్నం పెట్టి ఇంటికి పంపతన్నాది. మరి అది సంపే పేరా, సాకే పేరా?"

నేను తవుడు మూట ముడి విప్పి మళ్ళీ కట్టాను. ఆవిడ ఆగలేదు.

"మా ఇళ్ళల్లో పోయినవాళ్ళ పేరు పుట్టినవాళ్ళకి పెట్టుకుంటాం. మా నానీ పేరు, అంటే మా అమ్మమ్మ పేరు, నాకు పెట్టారు. నన్ను పిలిచినప్పుడల్లా మా అమ్మ రెండుసార్లు సూసేది. ఒకసారి నావైపు, ఒకసారి గుమ్మం వైపు. నువ్వు పిల్లని మట్టిలో పెట్టావు, తప్పలేదు. పేరు కూడా పాతీసినావేటక్కా?" అని, చీరముక్క చేటలో పెట్టి, "కొన్నాను. అన్నపూర్ణ అని పెట్టాను. తీసుకెల్లి పెంచుకో. మార్చే హక్కు నీకు లేదు, ఇందాక నువ్వే సెప్పావు" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. చేట తీసుకుని వచ్చేశాను. తలుపు గడియ పెట్టుకున్నాను. ఆవిడ గిన్నెతో కూర పంపితే ముట్టుకోలేదు. సింహాద్రి అప్పన్న పటం ముందు కూర్చుని, సామీ నాకేం దారి అన్నాను. ఆ పేరు ఒప్పుకోకపోతే అమ్మకం చెల్లదు, పిల్లకి కాపు ఉండదు. ఒప్పుకుంటే నేను భయపడే పేరే పిల్ల నెత్తికెక్కుతుంది. తినలేను, తినకుండా ఉండలేను. నీకు రాయాలని కూర్చుంటే పైన తారీఖు వేసి ఆగిపోయేదాన్ని. పగలంతా ఇంట్లో ఎవరూ ఉండరు. ఉన్నా చెప్పుకునే సంగతి కాదు.

అలా ఉండగా ఒకరోజు మధ్యాహ్నం గోడ అవతల ఆవిడ కుట్టుమిషను ఆగింది. ఎవరో చీర తీసుకోవడానికి వచ్చినట్టున్నారు. "ఈ బుల్లి టోపీ ఎవలికి బీబమ్మా?" అని ఆ మనిషి అడిగింది.

"మా అన్నపూర్ణకి. భీమిలిలో ఉన్నాది. సలికాలం వత్తన్నాది గదా."

అంతే అంది. మళ్ళీ మిషను తొక్కుకుంది.

ఉన్నాది అంది రోజా. ఆ పేరు పక్కన ఆ మాట నేను ఎన్నాళ్ళుగా వినలేదో నీకు ఎలా చెప్పను? నా పిల్ల పోయిన దగ్గర్నుంచీ ఆ పేరు పక్కన పోయింది, ఆగింది, చల్లారింది, ఇవే. గోడకి చెవి ఆనించి నిలబడ్డాను, ఆవిడ ఇంకోసారి అంటుందేమోనని. అనలేదు. ఎంతసేపు చూసినా అనకపోతే నేనే అన్నాను. వంటింట్లో, కుక్కరు ముందు. మొదట మెల్లిగా. తర్వాత మీ మామగారు వీధి మొదట్నుంచి పిలిచినట్టు. నవ్వకు.

మీ ఆయన డ్యూటీ నుంచి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. వడ్డిస్తూ అడిగాను. "ఒరే, మన అన్నపూర్ణని సూడ్డానికి ఎప్పుడెల్దాం?"

"నువ్వేనా అంటన్నావు? ఈ పేరు వద్దన్నావని రోజా సెప్పినాది గాదా. ఎవలు పెట్టారు?"

"కొన్న తల్లి."

కోప్పడతాడనుకున్నాను. అన్నీ చెప్పాను, తవుడు, బీబమ్మ, గోధుమల మూట, తాడిచెట్లు. వాడు మెతుకులు కలుపుతూ విన్నాడు. అన్నం చల్లారిపోయింది. అప్పుడు అన్నాడు. "అయితే నాకంటే ముందు నాకో అప్ప ఉన్నాదా అమ్మా?"

అమ్మా అన్నాడు. నువ్వు గమనించావో లేదో, వాడు కూడా ఉన్నాదా అనే అన్నాడు.

కాసేపయ్యాక, "నా పేరు మాత్రం మార్చలేవు గదా?" అన్నాడు. "నూకాలు ఒప్పుకోదురా" అన్నాను. నవ్వాడు. ఆస్పత్రి గొడవ తర్వాత ఈ ఇంట్లో నవ్వు వినలేదు. ఇంకొంచెం వేసుకోరా అంటే చెయ్యి అడ్డం పెట్టలేదు.

కాబట్టి మీరు అనుకున్న పేరే పెట్టండి. నువ్వు ఫోనులో చూసిన అర్థమే ఉండనీ. నా భయం పోయిందని మాత్రం అనుకోకు, ఈ వయసులో అది ఎక్కడికి పోతుంది? అన్నప్రాసన రోజున బియ్యం నేను కడగను, ఆ పని మీ అమ్మ చెయ్యాలి. నేను చూస్తూ కూర్చుంటాను. ముందు పిల్ల నోట్లో మెతుకు పడనీ, ఆ తర్వాత నేను మంచినీళ్ళు తాగుతాను.

మేం ముగ్గురం వస్తున్నాం. మూడో మనిషి కొన్న తల్లి, తన పిల్లని తను చూసుకోవాలట. టోపీ కుట్టడం అయిపోయింది, అంచుకి లేసు కూడా వేసింది. ఉతికిన చీరముక్క నేను తెస్తున్నాను. మద్దిలపాలెంలో బస్సు మారాలి, అక్కడ సీటు దొరుకుతుందో లేదోనని ఇప్పట్నుంచే నాకు బెంగగా ఉంది. మీ అమ్మకి వంట ఎక్కువ పెట్టుకోవద్దని చెప్పు. నేను పిల్లని ఎత్తుకోవచ్చో లేదో డాక్టరుని అడిగి ఉంచు. వద్దంటే దూరం నుంచే పేరు పెట్టి పిలుస్తాను, గుర్తుపడుతుందేమో చూద్దాం.

నీ అత్త,
అన్నపూర్ణ నాయనమ్మ,
జోగమ్మ

మీ ఆయనకి సెలవు ఖాయమైంది. వచ్చే నెల తొమ్మిదో తారీఖు, ఆదివారం పొద్దున్న.